ఇనుము రాకూడని గది

సార్ పోయిన కబురు నాకు బస్సు కండక్టర్ చెప్పాడు. దేవరకొండ బస్టాండు ఎదురుగా నా దుకాణం. మోటార్లకు తీగ చుడతాను, రేడియోలు బాగు చేస్తాను. ఆ పొద్దున ఒక బావి మోటారుకు తీగ చుడుతుంటే అతను గుమ్మంలో నిలబడి, "మేస్త్రీ, మీ సార్ పోయిండట. ఇంటి ముంగట మంది జమైన్రు, జల్ది పో" అన్నాడు. అప్పటికి ఎన్ని చుట్లు వేశానో మరిచిపోయాను. ఇన్నేళ్ల పనిలో లెక్క తప్పడం అదే మొదలు. ఆ మోటారు ఇంకా అట్లాగే సగం చుట్టి ఉంది.

నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. సిగ్గుగా ఉన్నా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. మా వైపు మనిషి పోతే తల దగ్గర దీపం పెడతారు, దీపం పక్కన ఏదో ఒక ఇనుప వస్తువు పెడతారు. చావు జరిగిన ఇంట్లోకి ఇనుము వచ్చి తీరుతుంది. సార్ పడుకునే గదిలో గోడ అల్మారాలో రెండు చెక్క డబ్బాలు ఉన్నాయి. వాటి దగ్గరికి ఇనుము రాకూడదు. ఆ సంగతి ఎందుకో తెలిసినవాళ్లు ఊరు మొత్తంలో ఇద్దరమే. ఆ ఇద్దరిలో ఒకరు పోయారు.

నేను పరుగెత్తాను. చేరేసరికి సార్‌ను ఆ గదిలోనే చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. నిద్రపోతున్నప్పటి ముఖమే. సార్ భార్యను నేను అమ్మగారు అని పిలుస్తాను. ఆమె నన్ను చూసి, "వచ్చినవా బిడ్డా" అని, దీపంలో నూనె పోశారు. సార్ తమ్ముడు పెరట్లోంచి గడ్డపార మోసుకొస్తున్నాడు. అల్మారా సార్ తలకు మూరెడు దూరంలో ఉంది. 'ఆగండి' అనాలి. నోరు రాలేదు. ఆయన గడప దాటకముందే అల్మారా తెరిచి, ఒక్కో చేత ఒక్కో డబ్బా పట్టుకుని, చేతులు బార చాపి బయటికి నడిచాను.

"ఏందయ్యో, పీనుగ లేవకముందే సామాన్లు లేస్తున్నయి?" అన్నాడు సార్ తమ్ముడు.

"గంత భద్రంగ పట్టుకపోతాండు, అండ్ల బంగారముందా ఏంది?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఎవరో నా భుజం పట్టుకున్నారు. డబ్బా జారితే లోపల ఉన్నది గాజు.

అమ్మగారు తల ఎత్తలేదు. "తొవ్వ ఇయ్యి మరిదీ. ఆయన చెప్పిన పనే చేస్తున్నడు" అన్నారు.

భుజం మీది చెయ్యి తొలగింది.

ఆ డబ్బాల్లో ఏముందో ఆ రోజు ఎవరికీ చెప్పలేకపోయాను. నాకు నలుగురిలో మాట రాదు. కాగితం మీదైతే కొంచెం వస్తుంది. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

సార్ హైదరాబాదులో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవారు. గుండె జబ్బు రావడంతో పని మానుకుని సొంత ఊరికి వచ్చేశారు. వస్తూ వస్తూ కాలేజీలో మూలన పడేసిన ఒక పంపును, గంట ఆకారంలో ఉండే పెద్ద గాజు పాత్రను అడిగి తెచ్చుకున్నారు. ఆ పంపు మోటారు కాలిపోతే నా దుకాణానికి వచ్చారు. నేను చుట్టి ఇస్తే చెవి ఆనించి విన్నారు. "తిరిగితె సాలదు మేస్త్రీ, వణుకకుంట తిరగాలె" అన్నారు. మూడుసార్లు విప్పి మూడుసార్లు చుట్టాను. నాలుగోసారి విని తల ఊపారు. నేనేం చదివానని ఆ రోజూ అడగలేదు, ఆ తరవాత ఏ రోజూ అడగలేదు. నేను బడికి వెళ్లలేదు. కాలిన మోటార్లను విప్పి చూసి పని నేర్చుకున్నాను, రేడియో కాగితాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. ఆ సంగతి తెలిసిన తరవాత కూడా సార్ నాతో మాట్లాడే తీరు మారలేదు.

సార్ పని ఇది. గాజు గంటలో గాలినంతా పంపుతో లాగేసి, లోపల లోహాన్ని కాచి ఆవిరి చేస్తే, ఆ ఆవిరి గాజు పలక మీద పొరగా పడుతుంది. వెంట్రుకను నిలువునా వెయ్యి పోగులు చేస్తే ఒక పోగు ఎంత ఉంటుందో, పొర అంతే పలుచన. పలక మీద ముందు నికెలు పొర, దాని మీద సీసం, ఆ పైన ఇనుము. ఆ గంట అంటే నాకు చచ్చేంత భయం. లోపల గాలి లేకపోతే బయటి గాలి దాన్ని అన్ని వైపులా నొక్కుతుంది. గాజులో ఎక్కడైనా సన్నటి గీటు ఉంటే ఒక్కసారిగా పగిలి ముక్కలు లేస్తాయి. అందుకని సార్ దాని మీద కోళ్ల గంప బోర్లించేవారు. అమ్మగారు రోజూ గుమ్మంలో నిలబడి, "గుడ్లు పెట్టిందా మీ కోడి?" అని అడిగేవారు. "ఇంక పొదుగుతాంది" అనేవారు సార్. నేను తలుపు వెనక నిలబడి మీట వేసేవాణ్ణి.

ఒకరోజు సార్ నన్ను తలుపు వెనక నుంచి పిలిచి, నా మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టారు. "నూట పన్నెండు. మొన్న నూట ముప్పై ఉండె. తగ్గింది" అన్నారు. తరవాత ఆయన తరచుగా అనే మాట అదే: "భయమైతె కొలువు మేస్త్రీ. కొలిస్తె అది ఎంతుందో తెలుస్తది." కొలిస్తే భయం పోతుందని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఆ పొరలు ఎందుకో నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆయనకు ఒక పూట పట్టింది. కొన్ని లోహాలను విపరీతమైన చలిలో ఉంచితే వాటిలో కరెంటుకు అడ్డే ఉండదట. పారడం మొదలుపెట్టిన కరెంటు తగ్గకుండా పారుతూనే ఉంటుందట. పుస్తకాల్లో దాన్ని అతివాహకత అంటారు. తీగ వేడెక్కి మోటారు కాలిపోవడమే రోజూ చూసే నాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు.

"ఎంత చలి సార్?"

"మంచుగడ్డ గా చలి ముంగట నిప్పుల కుంపటి అనుకో."

"మరి ఇనుమెందుకు?"

సార్ మంచం మీద మూడు వేళ్లు చాపారు. "నడిమి వేలు సీసం. గా చలిల సీసంల కరెంటు కణాలు జంటలు జంటలుగ నడుస్తయి. జంట విడిపోతె మళ్ల అడ్డు మొదలైతది. ఇరుపక్కల ఉన్నయి అయస్కాంతపు పొరలు, కావలోళ్ల లెక్క. ఇద్దరు కావలోళ్లు ఒక్క దిక్కే గుంజిన్రనుకో, జంట నిలువది. ఒకడు ఇటు, ఒకడు అటు గుంజితె ఒకని జోరు ఇంకొకని జోరును కొట్టేస్తది. జంట బతుకుతది. అంటే ఏంది? సీసాన్ని ముట్టకుంటనే, పక్కోని ముఖం తిప్పి, అడ్డును తెప్పియ్యొచ్చు, పోగొట్టొచ్చు."

"ముఖం ఎట్ల తిప్పుతరు?"

"నికెలుది మొండి ఘటం. చిన్న అయస్కాంతానికి లొంగది. ఇనుప పొర మెత్తది, చెప్పినట్టు తిరుగుతది."

ఇది నిజమో కాదో చూడాలంటే ఆ చలి కావాలి. అది దేవరకొండలో దొరకదు, హైదరాబాదులో కూడా లేదు. ఉత్తరాదిన ఒక పెద్ద పరిశోధనశాలలో సార్ చిన్ననాటి స్నేహితుడు ఉన్నారు. అక్కడ కూడా వంతులే. ఏడాదికి ఒక్కసారి సార్ పలకలకు చోటిస్తానని ఆయన మాట ఇచ్చారు. ఏడాదికి ఒక్కసారి అంటే గుండె జబ్బు మనిషికి ఏమిటో సార్‌కు తెలుసు. ఆ మాట పైకి అనేవారు కాదు.

మొదటి ఏడాది ఆరు పలకలు తయారయ్యాయి. ఆరింటిలోనూ పై పొర, కింది పొర ఎదురెదురు దిక్కులకు ఉండేలా సార్ అయస్కాంతంతో సరిచేశారు. డబ్బా నేను చేశాను. చెక్క, లోపల దూది, పైన మెత్తటి బట్ట. ఇక్కడే నా తప్పు జరిగింది.

మాది గొర్రెలు కాసే కుటుంబం. గొర్రె బొచ్చు కత్తిరించే కత్తెర విరిగితే మా అవ్వ ఆ ముక్కను పారేసేది కాదు. పచ్చి బాలింత చాప కింద, ఉయ్యాలలో బిడ్డ తల కింద పెట్టేది. లేతదేదైనా ఒంటరిగా ఉంటే పక్కన ఇనుము ఉండాలనేది. నేను పుట్టినప్పుడు పెట్టిన ముక్క ఇంకా నా దగ్గర ఉంది. పారేసుకోకుండా దుకాణంలో ఒక పాత లౌడ్‌స్పీకర్ అయస్కాంతానికి అంటించి పెట్టాను. ఏళ్ల తరబడి అక్కడే ఉంది.

డబ్బా అంత దూరం రైలులో ఒంటరిగా పోతుందంటే నాకు భయం పట్టుకుంది. ఆ గాజు పలకల కంటే లేతవి నేను చూడలేదు. ఆ కత్తెర ముక్కను తీసి, డబ్బా ఒక కొసన, దూది అడుగున పెట్టి కుట్టేశాను. ఆ చెయ్యి ఎందుకు ఆగలేదో ఇప్పటికీ తెలియదు. అయస్కాంతానికి అంటి అంటి ఆ ఉక్కు ముక్క కూడా అయస్కాంతమే అయి ఉంటుందని నా వృత్తిలో ఉన్నవాడికి తెలియనిదా? తెలుసు. ఆ క్షణంలో నేను మేస్త్రీని కాదు, మా అవ్వ మనవణ్ణి.

నెలల తరవాత డబ్బా తిరిగొచ్చింది. దానితో ఉత్తరం. నాలుగు పలకల్లో అడ్డు అనుకున్న చలి దగ్గరే మాయమైంది. ఐదు, ఆరు నంబర్లలో మాత్రం ఇంకా లోతైన చలికి దిగితే గానీ పోలేదు. సార్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచారు. "నా చెయ్యి వణికినట్టుంది" అన్నారు. "ఆఖర్న చేసినయి గీ రెండే. పొర ఖరాబైంది. ఒక్కతీరుగ చేసుడు చాతగానోడు కొలతల ముచ్చట చెప్పొద్దు."

ఐదు, ఆరు ఉన్న కొసనే నేను కత్తెర ముక్క కుట్టాను.

ఖాళీ డబ్బా ఇంటికి తెచ్చి అడుగు విప్పి చూశాను. ముక్క అక్కడే ఉంది. నేను రోజూ ఒక పుస్తకంలో ఆనాటి ఎండావానా, చేసిన పని ఒక్క వరుసలో రాసుకుంటాను. ఆ పుస్తకంలో వరసగా ఇరవై మూడు రోజులు పని వివరం కింద ఒకే మాట ఉంది: 'సార్‌కు చెప్పలేదు.' చెబితే ఆయన ఏడాది వంతును నేను పాడు చేశానని తెలుస్తుంది. మళ్లీ ఆ గుమ్మం ఎక్కనిస్తారో లేదో. చెప్పకపోతే ఆయన తన చేతులనే తప్పు పట్టుకుంటారు. రోజూ వెళ్లేవాణ్ణి, రోజూ ఆయన తన చేతులను తిప్పి చూసుకోవడం చూసి వచ్చేవాణ్ణి.

ఇరవై నాలుగో రోజు సార్ ఉత్తరం రాస్తున్నారు. ఆ కొలతలన్నీ కొట్టివేయమని, వచ్చే ఏడాది తన వంతు ఇంకెవరికైనా ఇవ్వమని. సంతకం ఒక్కటే మిగిలింది. నేను జేబులోంచి కత్తెర ముక్క తీసి బల్ల మీద పెట్టాను. బల్ల మీద సార్ దిక్సూచి ఉంది. దాని ముల్లు గిర్రున తిరిగి నా వైపు నిలిచింది.

నేనేం చెప్పానో, ఎన్ని ముక్కలుగా చెప్పానో గుర్తు లేదు. సార్ ఆ ముల్లునే చూశారు. ఆఖరుకు తల ఎత్తారు.

"ఏ కొసకు పెట్టినవ్?"

"ఐదు, ఆరు దిక్కు సార్."

"మంచిగ యాది చేసుకుని చెప్పు."

"ఐదు, ఆరు దిక్కే సార్. నేనే కుట్టిన."

సార్ లేచి నిలబడ్డారు. నవ్వు మొదలైంది, నవ్వు దగ్గయింది, దగ్గుతో కూర్చుండిపోయారు. అమ్మగారు పరుగెత్తుకొచ్చి, "ఏమన్నవు బిడ్డా?" అని నన్ను గద్దించారు. సార్ చేతితో ఆమెను ఆపారు. "ఏమన్లే. మన కోడి పొదిగింది" అన్నారు.

ఊపిరి అందాక అడిగారు. "ఇన్నొద్దులు కడుపుల పెట్టుకోని ఎట్ల తిరిగినవయ్యా?"

"భయమైంది సార్."

"నేనేమన్న పులినా?"

"పులైతె అమ్రాబాద్ అడవిల ఉంటది సార్. దాని జోలికి పోకుంటె అయిపాయె."

ఆయన మళ్లీ నవ్వారు. తరవాత చెప్పారు. ఆ ముక్క పక్కనున్న రెండు పలకల్లో మెత్తని ఇనుప పొర ముఖం తిప్పేసింది. కావలివాళ్లిద్దరూ ఒకే దిక్కుకు గుంజారు. జంటలు నిలవలేదు. సార్ చూడాలనుకున్నదే జరిగింది. కానీ ఒక్కసారి, పొరపాటున జరిగినదాన్ని నిజమనకూడదు. కావాలని మళ్లీ చేసి చూపాలి. సంతకం కాని ఉత్తరాన్ని సార్ నా చేతికిచ్చి పొయ్యిలో వేయమన్నారు.

అందుకోసమే ఈ రెండు డబ్బాలు. కొత్తగా చేసిన ఆరు పలకల్లో మూడు ఒకదానిలో, మూడు రెండోదానిలో. ఒక డబ్బాలోని వాటికి మాత్రం సార్ ఆ కత్తెర ముక్కనే దగ్గరపెట్టి ముఖం తిప్పారు. "వేరే అయస్కాంతం ఎందుకు? ఏది చేసిందో దాంతోనే చెయ్యాలె" అన్నారు. ఏ డబ్బా ఏదో స్నేహితుడికి కూడా చెప్పకూడదన్నారు. "కొలిచినంక ఆయనే మనకు చెప్పాలె." ఒకదాని మీద ఒక చుక్క, ఇంకోదాని మీద రెండు చుక్కలు పెట్టారు. ఏది ఏదో నా రోజు పుస్తకంలో రాయించారు. ఆ నాటి నుంచి ఆ గదిలోకి ఇనుము రాలేదు. అమ్మగారు తాళం చెవుల గుత్తి బయట కొయ్యకు తగిలించేవారు. నేను స్క్రూడ్రైవరు, కత్తెర ముక్క గుమ్మం బయట వదిలి లోపలికి వెళ్లేవాణ్ణి.

స్నేహితుడు చలికాలం ముందర హైదరాబాదు వస్తానని, డబ్బాలు తానే తీసుకుపోతానని రాశారు. ఆ ఎదురుచూపుల్లో సార్‌కు భయం మొదలైంది. ఆయన భయపడడం నేను అంతకుముందు చూడలేదు. మాట మధ్యలో ఆగి మణికట్టు పట్టుకుని లెక్కపెట్టుకునేవారు. ఎంత వచ్చిందో చెప్పేవారు కాదు. ఒక సాయంత్రం తలుపు వైపు చూసి, అమ్మగారు లేరని తెలుసుకుని, "మేస్త్రీ, నాకు జర భయమైతాంది" అన్నారు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. నాడి గతి తప్పి కొట్టుకుంటోంది. లెక్క కుదరలేదు. "ఎంతుంది?" అని అడిగారు. "మంచిగనే ఉంది సార్" అన్నాను. ఆయనతో నేనాడిన అబద్ధం అదొక్కటే. ఆయనకు అది అబద్ధమని తెలుసు. నా చెయ్యి మాత్రం వదలలేదు.

పోయిన రోజు సంగతి మిగిలి ఉంది. డబ్బాలతో బయటపడ్డాను గానీ ఎక్కడ పెట్టాలి? నా దుకాణం నిండా అయస్కాంతాలు. ఇంట్లో ఇనుప పెట్టె, నాగలి కర్రు. నా జేబులో సార్ దిక్సూచి ఉంది. గాజు మూత వదులైతే బిగించమని ముందు రోజే నాకిచ్చారు. సార్ ఇంటి వెనక గుట్ట కింద బండ ఉంది. డబ్బాలను ఒక దిక్కున, జేబులోని కత్తెర ముక్కను ఇంకో దిక్కున దూరంగా దించి, బండ మీద అడుగడుగునా దిక్సూచి పెట్టి చూశాను. భయమైతే కొలవమన్నారు కదా. ఒక చోట ముల్లు కదలకుండా ఉత్తరం చూపింది. అక్కడ డబ్బాలు ఎడంగా పెట్టి నడుమ కూర్చున్నాను.

ఒకసారి మాత్రం లేచి వెళ్లాను. దూరంగా దించిన కత్తెర ముక్కను తీసుకుపోయి గడప దగ్గర అమ్మగారి చేతికిచ్చాను. సార్ దాన్ని నా దగ్గరే ఉంచమన్నారు. డబ్బాలకు దూరంగా, జేబులో ఇన్నాళ్లూ మోశాను; ఆ పొద్దున డబ్బాలతో చేతులు బార చాపి నడిచింది అందుకే. ఆమె గడ్డపార తీసేయించి దాన్నే దీపం పక్కన పెట్టించారు.

పాడె లేచినప్పుడు బండ మీద లేచి నిలబడ్డాను. భుజం పట్టలేదు. డబ్బాలు వదిలి పోతే పిల్లలో మేకలో తాకుతాయని భయం. మళ్లీ చేయడానికి ఆ చేతులు లేవు. డప్పులు మలుపు తిరిగేదాకా నిలబడి, కూర్చున్నాను. దహనానికి రాలేదని సార్ తమ్ముడు ఇంకా నన్ను అంటూనే ఉన్నాడు. ఆయన అనడంలో తప్పు లేదు.

ఐదో రోజు, సార్ స్నేహితుడు హైదరాబాదు వచ్చారని కబురు అందగానే బస్సెక్కి, ఇనుముకు తగలకుండా డబ్బాలు ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టర్ టికెట్టుకు చిల్లు వేసే ఇనుప పనిముట్టు పట్టుకుని మీదికి వంగాడు. నేను డబ్బాలు వెనక్కి లాక్కున్నాను. "ఏంది మేస్త్రీ, పిల్లను చూడబోతున్నవా? గింత ముసలితనంల మిఠాయి డబ్బాలు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వినట్టున్నాను. సార్ స్నేహితుడు డబ్బాలు అందుకుని, ఏది ఏదో అడగలేదు. చలికాలంలో కొలుస్తానన్నారు. ఇంకా కబురు రాలేదు. ఒక చుక్క డబ్బాకు, రెండు చుక్కల డబ్బాకు తేడా వస్తుందో రాదో తెలియదు. పోస్టుమాన్ వీధి మలుపులో కనబడితే చాలు, నా నాడి ఎంత ఉంటుందో కొలవకుండానే తెలుస్తుంది.

పదో రోజు దిక్సూచి తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. సార్ పోయిన చోట దీపం వెలుగుతోంది, పక్కన కత్తెర ముక్క. తాళం చెవుల గుత్తి మాత్రం ఇంకా బయట కొయ్యకే ఉంది. అమ్మగారు దిక్సూచిని చేతిలోకి తీసుకోలేదు. "ఆడనే పెట్టు బిడ్డా" అని దీపం పక్కనున్న పీట చూపారు.

పెట్టాను. ముల్లు కాసేపు ఊగింది. ఉత్తరానికి పోలేదు. పక్కకు తిరిగి, సార్ తల పెట్టుకున్న చోటి వైపు నిలిచింది. వంగి చూశాను. వెంటనే కత్తెర ముక్క కనబడింది. అదేనని తెలుసు. దాన్ని జానెడు జరిపితే ముల్లు ఉత్తరానికి పోతుందని కూడా తెలుసు.

జరపలేదు. అమ్మగారు, నేను చెరో పక్క కూర్చున్నాం. దీపం కదిలినప్పుడల్లా గాజు కింద ముల్లు మెరుస్తోంది.